బిడ్డల భరణమునకు లెక్క



భారతకథ వినిన ప్రతి యింటను భరతుని పేరు తెలిసియే యుండును. ఆ పేరు పుట్టిన తీరు మాత్రము మనలో కొందరికే జ్ఞప్తియందుండును. శకుంతల కొడుకు చేయి పట్టుకొని దుష్యంతుని సభకు వచ్చినది. ఎరుగనని రాజు బొంకెను. అంతట ఆకాశవాణి పలికి, ఈ బాలుడు నీ కొడుకే, వీనిని భరింపుమని రాజు నాజ్ఞాపించెను. భరింపుమను ఆ మాటనుబట్టియే బాలునికి భరతుడను పేరు కలిగెనని మహాభారతము చెప్పుచున్నది. భరించుట యనగా మోయుట, పోషించుట. నేడు న్యాయస్థానములలో వినబడు భరణమను మాటయు ఆ ధాతువునుండి పుట్టినదే.

అయితే ఆకాశవాణి భరింపుమన్నదే గాని, ఎంత యని చెప్పలేదు. ఆ లెక్క మనుష్యులకు విడిచిపెట్టబడినది. తలిదండ్రులు విడివడి వేర్వేరు ఇండ్లలో నుండునప్పుడు బిడ్డ పోషణకు ఎవరెంత ఇయ్యవలెను, ఆ మొత్తము దేనినిబట్టి నిర్ణయింపబడును అను విషయమును ఈ వ్యాసమున వివరింప దలచితిమి. ఈ లెక్క మేము గ్రంథములు చదివి నేర్చినది కాదు. ఒక తప్పు చేసి నేర్చుకొన్నది. కావున ముందుగా ఆ తప్పు చెప్పుకొనుటయే న్యాయము.

మా వీధిలో ఉద్యోగము చాలించుకొన్న ఒక గుమాస్తాగారి కుటుంబము కలదు. వారి కుమార్తె ఇరువురు బిడ్డలతో పుట్టినింటికి వచ్చి చేరినది. ఆడుపిల్లకు తొమ్మిదేండ్లు, మగపిల్లవానికి అయిదు. భర్త వేరొక పట్టణమున ఉద్యోగము చేయుచుండెను. తప్పెవరిదో మేము విచారింపలేదు. బిడ్డల అన్నమునకు ఆ విచారణతో నిమిత్తము లేదని తరువాత తెలిసికొంటిమి.

ఆమె తల్లి ఒకనాడు మా యింటికి వచ్చి, "అమ్మాయీ, నీవు నాలుగు పుస్తకములు చదివినదానవు. పిల్లల ఖర్చుకు అల్లునిమీద దరఖాస్తు వేయుమని కొందరనుచున్నారు. ఏమి చేయుదుము?" అని యడిగెను. మాకప్పుడు దమయంతి స్ఫురించినది. నలుడు జూదమున ఓడిపోవుచుండగా ఆమె తన బిడ్డల నిద్దరిని సారథివెంట కుండినపురమునకు, తన పుట్టినింటికి, పంపివేసినది. ఎవరి యెదుటను చేయి చాపలేదు. ఆ కథ చెప్పి, "పెద్దమ్మగారూ, అభిమానము గల ఆడుది అడుగరాదు. మన బిడ్డలను మనమే పెంచుకొందము" అంటిమి. ఆమె ఆ మాటతో ఊరడిల్లి పోయినది. అంత చక్కగా చెప్పితిమని మాకును ఆనాడు కొంత గర్వము కలిగిన మాట నిజము.

ఎనిమిది నెలలు గడచినవి. ఆ బాలిక సాయంకాలములందు మావారియొద్ద లెక్కలు నేర్చుకొనుటకు వచ్చుచుండెడిది. ఒకనాడు మావారు పిల్ల పుస్తకము తెరచి చూడగా, కిందటేటి లెక్కలన్నియు రబ్బరుతో తుడిచి, ఆ పుటలమీదనే క్రొత్త లెక్కలు వ్రాసి యుండెను. క్రొత్త పుస్తకమేదమ్మా యని యడుగగా, "ఈ నెల డబ్బులు తమ్ముడి మందులకు అయిపోయినవి, మాస్టారూ" అనెను. పిల్ల వెళ్లిన పిమ్మట మావారు మాతో, "దమయంతి తండ్రి విదర్భకు రాజు. ఈ పిల్ల తాత పింఛనుమీద బ్రదుకు గుమాస్తా. నీ ఉపమానములో ఆ సంగతి తప్పిపోయినది" అనిరి.

మేము మారు పలుకలేకపోతిమి. మరునాడే ఆ యువతిని వెంటబెట్టుకొని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పోతిమి. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము ప్రకారము స్త్రీలకును పిల్లలకును, వారి ఆదాయ మెంతయైనను, న్యాయవాది సహాయము ఉచితముగా లభించును. మాకు కుదిరిన న్యాయవాది ఒక యువతి. సంగతి అంతయు విని ఆమె, "అమ్మా, మీకై మీరడుగుట వేరు, మానుట వేరు, అది మీ యిష్టము. బిడ్డల భరణము మాత్రము బిడ్డల హక్కు. వారి సొమ్ము వద్దనుటకు మనమెవరము?" అనెను. మేమెనిమిది నెలలుగా అభిమానమనుకొన్నది ఇతరుల సొమ్ముతో చేసిన దానమని అప్పుడు తెలిసినది.

ఇక చట్టముల సంగతి. బిడ్డల భరణమును కోరుటకు మన దేశమున పెక్కు మార్గములు కలవు. మతభేదము లేక అందరికిని వర్తించునది క్రిమినలు ప్రొసీజరు కోడులోని 125వ సెక్షను. 2024 జూలై 1 నుండి దాని స్థానమున భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 144వ సెక్షను అమలులోనికి వచ్చినది. ధర్మపత్నికి పుట్టిన బిడ్డయైనను, వివాహము లేక పుట్టిన బిడ్డయైనను ఈ సెక్షను క్రింద సమానమే. ముస్లిము తల్లి బిడ్డలకును ఈ హక్కు ఉన్నదని 1997లో సుప్రీంకోర్టు స్పష్టము చేసినది. హిందువులకు ఇదిగాక 1955 నాటి వివాహ చట్టమును, 1956 నాటి దత్తత, భరణముల చట్టమును కలవు. 1956 చట్టమున బిడ్డను పోషించు బాధ్యత తండ్రికే కాక తల్లికిని చెప్పబడినది. పెండ్లికాని కుమార్తె తన్ను తాను పోషించుకొనలేనిదైనచో, పదునెనిమిదేండ్లు నిండిన తరువాతను, పెండ్లి యగువరకు ఆ చట్టము క్రింద భరణము కోరవచ్చునని 2020లో సుప్రీంకోర్టు చెప్పినది. గృహహింస జరిగిన చోట 2005 నాటి రక్షణ చట్టము క్రిందను బిడ్డలకు భరణము కోరవచ్చును. ఏ దారిని వచ్చినను, ఒకచోట ఇదివరకే ఉత్తరువు వచ్చియున్నచో ఆ సంగతి రెండవచోట దాచక చెప్పవలెను. ఒకే ఖర్చునకు రెండుమారులు సొమ్ము రాదు.

పూర్వము ఈ భరణమునకు చట్టమే ఒక కప్పు వేసియుండెను. 1898 నాటి కోడులో నెలకు యాబది రూపాయలకు మించి ఇయ్యరాదని యుండెను. అది 1923లో నూరు రూపాయలైనది, 1955లో అయిదు వందలైనది. 1973లో క్రొత్త కోడు వచ్చినప్పుడును ఆ అయిదు వందలే నిలిచినవి. బియ్యము ధర పెరిగినది, బడి జీతము పెరిగినది. బిడ్డ భరణము మాత్రము పెరుగలేదు. తుదకు 2001లో పార్లమెంటు ఆ పరిమితిని తీసివేసినది. ఇప్పుడు న్యాయాధికారి పరిస్థితినిబట్టి ఎంతయైనను నిర్ణయింపవచ్చును.

పరిమితి లేదు సరే, ఒక నిర్ణీతమైన రేటు ఉన్నదా? ఈ ప్రశ్న మేమును అడిగితిమి. లేదు. జీతములో నాలుగవ వంతు వచ్చునని కొందరనుచుందురు. 1970లోను 2017లోను ఇచ్చిన తీర్పులలో, భర్త నికర జీతములో నాలుగవ వంతు భార్యకు తగిన మొత్తమని సుప్రీంకోర్టు పేర్కొన్నది. గాని అది త్రాసునకు మొదట పెట్టు పడికట్టు వంటిదే. బిడ్డల భరణమునకు చట్టము విధించిన రేటు కాదు. న్యాయాధికారి తూచునవి రెండు: బిడ్డల అవసర మొకటి, తలిదండ్రుల శక్తి రెండవది. మామిడిచెట్టు నీడలో పెరిగిన మొక్కను ఎండలో పెట్టినట్లు కాక, తలిదండ్రులు కలిసియున్నప్పుడు బిడ్డలకు ఏపాటి జీవనము జరిగెనో దానికి తగినట్లు ఇప్పుడును జరుగవలెనని కోర్టులు చూచును.

ఈ తూనికకు ఒక క్రమము నేర్పరచినది 2020 నవంబరు 4న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. ఆ తీర్పు ప్రకారము భార్యయు భర్తయు ఇద్దరును తమ ఆదాయము, ఆస్తులు, అప్పులు, నెల ఖర్చులు వివరించుచు ప్రమాణపూర్వకమైన పత్రము దాఖలు చేయవలెను. దీనినే అఫిడవిట్టు అందురు. పట్టణములలో ఉద్యోగ వ్యాపారములు చేయువారి కొక నమూనా, వ్యవసాయముమీద బ్రదుకువారి కొక నమూనా ఆ తీర్పునకు జతచేయబడి యున్నవి. ఎదుటివారు నాలుగు వారములలోగా తమ పత్రము నీయవలెను. అబద్ధము వ్రాసినచో శిక్షార్హులగుదురు. బిడ్డల ఖర్చు అనగా ఏమేమో ఆ తీర్పే చెప్పినది: అన్నము, బట్టలు, నివాసము, వైద్యము, చదువు, మితిమీరనంతవరకు ప్రయివేటు పాఠములును. చదువు ఖర్చు సాధారణముగా తండ్రి భరింపవలెననియు, తల్లికిని చాలినంత సంపాదన యున్నచో ఇద్దరును తమ తమ పాళ్లనుబట్టి పంచుకొనవచ్చుననియు అందున్నది.

ఇక ఖర్చు పట్టీ వ్రాయు పని. సోదరీమణులారా, తప్పులు జరుగునది ఇక్కడనే. ఆ యువతిని బిడ్డలకు నెలకెంత యగునని న్యాయవాది యడుగగా, వెంటనే, "తిండికి నాలుగు వేలు, బడికి రెండు వేల అయిదు వందలు, వెరసి ఆరు వేల అయిదు వందలు" అనెను. న్యాయవాది నవ్వి, "అక్కా, ఇంటికి పోయి నెల దినములు పద్దు వ్రాసికొని రండి" అనెను.

మేమిద్దరమును మా యింటి జమాఖర్చుల పుస్తకమువంటి దొకటి తెచ్చి, నెల దినములు పైసతో సహా వ్రాసితిమి. బిడ్డలిద్దరి తిండి, పాలు, పండ్లు కలిసి 4,500 రూపాయలైనవి. బడి జీతము ఏడాదికి పరీక్షల రుసుముతో కూడ 36,000. పండ్రెండింట భాగింపగా నెలకు 3,000. పుస్తకములు, యూనిఫారము, బూట్లు జూనులో ఒక్కసారిగా కొనునవి గావున నెలపద్దులో కనబడవు. అవి ఏడాదికి 9,600, అనగా నెలకు 800. బడికి ఆటో 1,200. పిల్లవానికి ఉబ్బసము, మందులకు, వైద్యునికి 900. పండుగ బట్టలు, క్షవరము మొదలగువానికి ఏడాదికి 7,200, నెలకు 600.

ఇంతవరకు ఆమెకు తోచినది. ఇంటి అద్దె మాట ఆమెకు తోచలేదు. "తండ్రిగారి యింటిలో నున్నాము, దానికి లెక్క ఏమిటి, అక్కయ్యగారూ?" అనెను. ఆ యింటికి గుమాస్తాగారు నెలకు 7,500 రూపాయల అద్దె ఇచ్చుచున్నారు. ఇంటిలో నున్నవారు అయిదుగురు. అందు బిడ్డలు ఇద్దరు. అయిదింట రెండు వంతులు, 3,000 రూపాయలు, వారి నివాసపు ఖర్చు. తాత భరించుచున్నంత మాత్రమున ఆ ఖర్చు లేకపోలేదు. తండ్రి భుజముమీదనుండి తాత భుజముమీదకు మారినది, అంతే. అన్నియు కూడగా 14,000 రూపాయలైనవి. మొదట నోటికి వచ్చిన లెక్కకు ఇది రెట్టింపునకు మించినది. ఇందులో ఒక్క రూపాయియు కల్పన కాదు. బియ్యము, పాలు మనకు ఖర్చుగా కనబడును. ఏడాదికొకసారి వచ్చునవియు, మరియొకరు మనకై భరించునవియు కనబడవు.

తరువాతది ఆదాయముల లెక్క. ఆ యువతి ఒక బట్టల దుకాణమున పద్దులు వ్రాయుచు నెలకు 15,000 తెచ్చుకొనుచున్నది. భర్త తన అఫిడవిట్టులో చేతికి వచ్చునది 28,000 మాత్రమే యని వ్రాసెను. జీతపు చీటీ తెప్పించి చూడగా, ఆదాయపు పన్నును భవిష్యనిధియు పోగా 45,000 వచ్చుచున్నవి. అందు కారు కొన్న అప్పుకు వాయిదా 9,000, చీటీపాటకు 8,000 తీసివేసి ఆయన 28,000 అనెను. ఇక్కడ ఒక న్యాయము తెలిసికొనవలెను. పన్ను మొదలైన తప్పనిసరి కోతలను కోర్టులు ఆదాయమునుండి తీసివేయును. తన యిచ్చవచ్చినట్లు చేసికొన్న అప్పులను, పొదుపులను సాధారణముగా తీసివేయనీయవు. కారు వాయిదా కట్టిన తరువాత మిగిలినదానిలో బిడ్డకు అన్నము పెట్టుదుననుట చెల్లదు. బిడ్డకు పెట్టిన తరువాత మిగిలినదానిలో కారు సంగతి చూచుకొనవలెను. అసలు ఉద్యోగమే లేదని చెప్పువారును కలరు. దేహదార్ఢ్యము గల పురుషుడు కూలి చేసియైనను భార్యాబిడ్డలను పోషింపవలసినదేనని 2022లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పినది.

ఇద్దరి ఆదాయములును తెలిసిన తరువాత మిగిలినది మావారు బడిలో చెప్పు త్రైరాశికమే. 2000 సంవత్సరమున సుప్రీంకోర్టు విచారించిన ఒక వ్యాజ్యమున తలిదండ్రులిద్దరును ఉద్యోగులు. తండ్రి జీతము తల్లి జీతమునకు ఇంచుమించు రెట్టింపు. బిడ్డల ఖర్చును 2:1 పాళ్లలో భరింపవలెనని కోర్టు నిర్ణయించినది. మా పొరుగింటి లెక్కలో 45,000కును 15,000కును పాళ్లు 3:1. పదునాలుగు వేలను నాలుగు భాగములు చేయగా భాగ మొకటికి 3,500. తండ్రి వంతు 10,500. తల్లి వంతు 3,500. తల్లి ఇచ్చునది అంతే యనుకొనరాదు. బిడ్డకు ఉబ్బసము వచ్చిన రాత్రి మేలుకొనియుండుటకు పద్దు లేదు. అందుచేతనే బిడ్డలు తల్లియొద్ద నున్నప్పుడు రెండు వంతులను సమానముగా సగము సగము చేయుమని తండ్రి కోరుట న్యాయము కాదు.

న్యాయస్థానము మాత్రము త్రైరాశికముతోనే ఆగదు. భర్త తన వృద్ధమాతను పోషించుచున్నానని ఋజువు చూపెను. తలిదండ్రులను పోషించుటయు చట్టము విధించిన ధర్మమే గదా. ఆ సంగతి గమనించి న్యాయాధికారి ఇరువురు బిడ్డలకును కలిపి నెలకు 9,000 రూపాయలు మధ్యంతర భరణముగా నిర్ణయించెను. ఎదుటివారికి నోటీసు అందిన 60 దినములలో, వీలైనంతవరకు, మధ్యంతర భరణము తేల్చవలెనని చట్టమున్నది. మాకు దరఖాస్తు వేసిన తరువాత అయిదు నెలలు పట్టినది. అయినను ఆ అయిదు నెలల భరణము, 45,000 రూపాయలు, పోలేదు. భరణము దరఖాస్తు వేసిన తేదీనుండియే లెక్కింపవలెనని 2020 నాటి ఆ తీర్పే నిర్దేశించినది.

ఈ మాట వినగానే ఆ యువతి, "మరి అంతకుముందటి ఎనిమిది నెలలు?" అని యడిగెను. న్యాయవాది తల అడ్డముగా త్రిప్పెను. దరఖాస్తు లేని నెలలకు లెక్క లేదు. ఎనిమిది తొమ్మిదులు డెబ్బదిరెండు. డెబ్బదిరెండు వేల రూపాయలు. అవి దమయంతి కథ చెప్పి మేము పోగొట్టినవి. ఆమె మమ్మొక మాటయు అనలేదు. "మీకేమి తెలుసును, అక్కయ్యగారూ" అని మమ్మే ఊరడించినది. ఆ ఊరడింపు మాకు నింద కంటె కష్టముగా తోచినది.

ఉత్తరువు వచ్చిన తరువాతను తెలిసికొనవలసినవి కొన్ని కలవు. సొమ్ము ఇయ్యక ఎగబెట్టినచో, బాకీపడిన నాటినుండి ఒక ఏడాదిలోగా ఆ కోర్టునందే వసూలునకు దరఖాస్తు పెట్టవలెను. కోర్టు వారంటు పుట్టించి జుల్మానా వసూలుచేయునట్లు వసూలు చేయవచ్చును. అప్పటికిని ఇయ్యనిచో ఒక్కొక్క నెల బాకీకి ఒక నెల వరకు జైలు విధింపవచ్చును. జైలులో నున్నంత మాత్రమున బాకీ తీరిపోదు. జీతములు పెరిగినను తగ్గినను, బిడ్డ పై తరగతికి వచ్చి ఖర్చు హెచ్చినను, మొత్తమును మార్చుమని మరల కోరవచ్చును. దరఖాస్తు వేయుటకు భర్త ఊరికి పోనక్కరలేదు. భార్య తాను నివసించుచున్న చోటనే వేయవచ్చును.

పరదేశములలో ఈ లెక్క వేరుగా నుండును. బ్రిటనులో ప్రభుత్వసంస్థ యొకటి తండ్రి లేక తల్లి వారపు ఆదాయమునుబట్టి లెక్కకట్టును. ఆదాయము వారమునకు 200 మొదలు 800 పౌనుల వరకు ఉన్నవారు పన్నుకు ముందటి ఆదాయములో ఒక బిడ్డకు నూటికి 12, ఇద్దరికి 16, ముగ్గురు లేక అంతకు మించినచో 19 వంతున ఇయ్యవలెను. బిడ్డ ఏడాదికి 52 రాత్రులైనను వారియింట నిద్రించినచో, ఆ మేరకు మొత్తము తగ్గుచుండును. మన తెలుగువారు పెక్కుమంది కాపురముండు టెక్సాసు రాష్ట్రమున, ఒక పరిమితి వరకు, నికరాదాయములో ఒక బిడ్డకు నూటికి 20, ఇద్దరికి 25, ముగ్గురికి 30. అమెరికాలోని మరి పెక్కు రాష్ట్రములలో తలిదండ్రులిద్దరి ఆదాయములను కూడి, బిడ్డకయ్యెడు ఖర్చు పట్టికలో చూచి, ఆదాయముల పాళ్లనుబట్టి పంచుదురు. అట్టి నిర్ణీతపు పట్టిక యున్నచో తగవు త్వరగా తీరును. ఎంత వచ్చునో ముందే తెలియును. మన పద్ధతిలో ఉబ్బసపు మందులకు, తాత కట్టు అద్దెకు చోటు దొరకును; గాని వానిని వ్రాసి చూపు భారము తల్లిమీద పడును. ఏది మేలో పండితులు తేల్చుకొందురుగాక. మన పద్ధతి ఇట్లున్నంతకాలము పద్దు వ్రాయనేర్చిన తల్లి బిడ్డకు ఎక్కువ మేలు జరుగుననుట మాత్రము మేము చూచిన సంగతి.

కోర్టునకు పోకయే ఇరువైపుల పెద్దలు కూర్చుండి ఒప్పందము చేసికొన్నచో అంతకంటె కావలసినదేమున్నది? కాని ఆ ఒప్పందము నోటిమాటగా నుండరాదు. ఏ తేదీనాటికి ఎంత, ఏ బ్యాంకు ఖాతాలోనికి, ఏటేట ఎంత హెచ్చు, పెద్ద జబ్బు చేసిన ఖర్చెవరిది అను సంగతులన్నియు కాగితముమీద ఉండవలెను. కోర్టు ముద్రయు పడవలెను. బిడ్డలకేమియు అక్కరలేదని తల్లి వ్రాసియిచ్చినను, ఆ కాగితము బిడ్డల హక్కును కట్టివేయజాలదు.

మరియొక మాట. సొమ్ము రాలేదని బిడ్డను తండ్రికి చూపకుండుటయు, బిడ్డను చూపలేదని సొమ్ము బిగబట్టుటయు రెండును తగవు. చూచుకొను హక్కు వేరు, భరణము వేరు. ఒకదానికి మరియొకటి వెల కాదు. ఆ యువతి ఈ విషయమున మాకంటె వివేకవతి. భరణమింకను రాని దినములలోను, దసరా సెలవులకు తండ్రి వచ్చినప్పుడు బిడ్డలను ముస్తాబు చేసి పంపినది. అది చూచి ఆమె తల్లి కోపగించగా, "అమ్మా, తగవు మా యిద్దరిది, వాళ్లకు ఆయన నాన్నే గదా" అనెను.

కావున సోదరీమణులారా, ఇట్టి కష్టము మీ యింటనో పొరుగింటనో వచ్చినప్పుడు మేము చేసినట్లు చేయకుడు. ఏ పురాణమును చెప్పదలచినను దానిని తుదివరకు చెప్పుడు. మొదట దరఖాస్తు వేయింపుడు. ఆలస్యమైన ప్రతి నెలయు బిడ్డ భోజనమునుండి తరుగును. బడి రసీదులు, మందుల చీటీలు ఒక సంచిలో దాచుడు. మీ కాపురము చల్లగా నున్నను నెలపద్దు వ్రాయుట అలవరచుకొనుడు. ఇంటి యజమానుడు హఠాత్తుగా పోయినను, జబ్బుపడినను ఆ పుస్తకమే మీకు దారి చూపును. ఈ వ్యాసమును మీ యింటి పురుషులకును చదివి వినిపింపుడు. తన బిడ్డకు నెలకెంత యగునో తెలియని తండ్రులు మంచివారిలోను పెక్కుమంది కలరు.

ఆ బాలిక నేటికిని సాయంకాలములు మా యింటికి వచ్చుచున్నది. భరణము వచ్చిన మొదటి నెలలో క్రొత్త పుస్తకము తెచ్చి, మొదటి పుటలో తన పేరు గుండ్రముగా వ్రాసికొని, మావారి యెదుట పెట్టినది. ఆయన ఆ దినమున త్రైరాశికము మొదలుపెట్టిరి. పిల్ల మొదటి లెక్క తప్పు చేసినది, రబ్బరు కొరకు వెదకబోగా మావారు వారించి, "తుడువకమ్మా. క్రింద చోటున్నది, మరల చేయుము" అనిరి.